మండువా ఇల్లు: బాగుచేయిద్దామా, పడగొడదామా?

కోనసీమ ఊళ్లలో మండువా లోగిలి, అంటే నడుమ పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉన్న పాతకాలపు పెంకుటిల్లు, వారసుల చేతికొచ్చేసరికి ఇదే తకరారు. పడగొట్టి డాబా వేస్తే వాటాలు తేలిగ్గా తెగుతాయి, పెంకులు సర్దించే బెడద ఉండదు. అంతవరకు బాగానే ఉంది.

బాగుచేయిస్తే శ్రమ ఎక్కువే. గానుగ సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం, దాని పని తెలిసిన మేస్త్రి దొరకాలి. దొరకలేదని సిమెంటు పూయించారో, పాత సున్నపు గోడలోని చెమ్మ బయటికి పోలేక పూత పెచ్చులూడుతుంది. కానీ మండువా ఉన్న ఇంట్లో వేడి పైకి పోతుంది, నడిమింట్లోనూ వెలుతురుంటుంది. ఇక వీధి అరుగు! అది ఇంటివాళ్లదే కాదు, దారినపోయేవాళ్లది కూడా. డాబా కట్టేవాళ్లు ముందు లేపేసేది దాన్నే. ఆ చోట ప్రహరీ, గేటు వస్తాయి. నాలుగిళ్లు అలా మారితే అయిదో ఇంటి అరుగు మీద కబుర్లకు కూర్చునేదెవరు?

నా ఓటు సున్నానికే. మరీ కుదరకపోతే పెరటివైపు డాబా వేసుకుని, వీధివైపు వసారా, అరుగులు ఉంచేయండి.