బర్రెలకు 'ఏఐ కాలర్' కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్ చుట్టుపక్కల పాడి నడిపేవాళ్ల కోసం రాస్తున్నా. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు షెడ్లకు కాలర్లు అమ్మే కుర్రాళ్లు తెగ తిరుగుతున్నారు. మెడకు కాలర్ కడితే నడక, నెమరు లెక్కలన్నీ ఫోన్‌కు వస్తాయట. ఆ డేటాను ఏఐ, అంటే కృత్రిమ మేధ, జల్లెడ పట్టి ఏది ఎదకొచ్చింది, దేనికి రోగం, దేన్ని అమ్మేయాలి అన్నీ యాప్ చెప్తుందట. మేమూ తీసుకున్నాం. కాలర్‌కు ఒక రేటు, నెలనెలా చందా వేరే.

మా దగ్గర ఎక్కువ ముర్రా జాతి బర్రెలు, కొన్ని హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు. ఆవుల విషయంలో యాప్ బాగానే చెప్పింది, అబద్ధం ఎందుకు. తంటా అంతా బర్రెలతోనే. ఆవు ఎదకొస్తే కుదురుగా ఉండదు, పక్కవాటి మీద ఎక్కుతుంది. కాలర్ పట్టేది ఆ కదలికనే. బర్రెల్లో మూగ ఎద, అంటే పైకి లక్షణాలు కనపడని ఎద ఎక్కువ, ఎండాకాలంలో మరీనూ. చాలాసార్లు రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి తగ్గిపోతుంది. అసలు గుంజకు కట్టేసిన బర్రె ఎంతని తిరుగుతుంది? యాప్ ఉలుకూ పలుకూ లేదు. ఎదలో మానం నుంచి జారే జిగురు తీగలు చూసి మా పాలేరు చెప్పినవే నిజమయ్యాయి. ఒక్క ఎద తప్పితే మళ్లీ 21 రోజులదాకా ఆగాలి, దాణా ఖర్చు ఆగదు కదా. అమ్మినవాళ్లను గట్టిగా నిలదీస్తే అప్పుడు చెప్పారు, యాప్‌కు నేర్పింది విదేశీ ఆవుల డేటాతోనని!

పొదుగువాపు సంగతి ఇంకో తమాషా. దాన్ని పట్టడంలో యాప్ '95 శాతం కరెక్ట్' అన్నారు. వంద పశువుల్లో ఐదింటికే జబ్బుంటే, 'దేనికీ లేదు' అని కళ్లు మూసుకుని చెప్పినా 95 శాతం కరెక్టే. జబ్బున్నవాటిలో ఎన్నింటిని పట్టారు, ఉత్తుత్తి అలర్ట్‌లు ఎన్ని వచ్చాయి అని అడగండి. పైకి కనపడని పొదుగువాపు తెలియాలంటే పాలు పరీక్షించాల్సిందే.

నాకు మండింది మాత్రం చివర్లో. చందా ఆపగానే యాప్ లాక్. ఈతల తేదీలు, చూడి కట్టడానికి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన రోజులు, పాల లెక్కలు, మేం ఎక్కించినవే మాకు కనపడవు. ఎక్సెల్ ఫైల్ ఇమ్మంటే ఫోన్ ఎత్తరు. కాబట్టి చందా మానేసినా డేటా ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి, నోట్‌బుక్ మాత్రం మానొద్దు. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

డెమో చూపిస్తామంటే ఆవుల షెడ్డుకు వెళ్లొద్దు. ఈ కాలర్ చూసి సూది వేయిస్తే చూడి కట్టిన బర్రెలు ఎక్కడున్నాయో, అక్కడికే తీసుకెళ్లమనండి.