ఇరవై వేలు పెట్టి గొడవ కొనుక్కున్నాం: మానసిక జబ్బుల డీఎన్‌ఏ ప్యాకేజీతో జాగ్రత్త

ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందని తెలిసి, "ఫ్యామిలీ మొత్తానికి జీన్ టెస్ట్ చేయించండి, ఎవరికి వస్తుందో ముందే తెలిసిపోతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే, డబ్బు కట్టకుండా ఒక్క వారం ఆగండి. మేం ఆగలేదు.

మా తమ్ముడికి ఆరేళ్లుగా స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు. మందులు వేసుకుంటూ, నాన్నతో పాటు షాపులో కూర్చుంటూ బాగానే ఉన్నాడు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. పెళ్లివారు తమ్ముడి సంగతి ఎత్తితే చూపించడానికి "అమ్మాయికి ఏమీ లేదు" అనే కాగితం ఒకటి ఉండాలని నాన్న ఆశ. ముగ్గురికీ కలిపి ఆఫర్‌లో ఇరవై వేలన్నారు. కట్టింది నేనే.

కిట్ వచ్చింది. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, ట్యూబులో గీత దాకా ఉమ్మాలి, నురగ లెక్కలోకి రాదు. మందుల వల్ల తమ్ముడికి ఎప్పుడూ నోరు ఎండిపోయే ఉంటుంది. పావుగంట తంటాలు పడ్డాడు. మధ్యలో ఆగి, "ఇందులో నా జబ్బు కనిపిస్తుందా అక్కా?" అన్నాడు. "కనిపిస్తుందిరా" అన్నాను. ఏమీ తెలియకుండానే అనేశాను.

ఐదు వారాలకు ముగ్గురి రిపోర్టులూ నాన్న వాట్సాప్‌కు వచ్చి పడ్డాయి. పాస్‌వర్డ్ లేదు, వివరించే మనిషి లేడు. జబ్బున్న తమ్ముడికి ఆకుపచ్చ రంగు, తక్కువ రిస్క్. ఏ ఇబ్బందీ లేకుండా ఉద్యోగం చేసుకుంటున్న చెల్లికి ఎరుపు. నాన్న నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "చూశావా, అంతా మీ పుట్టింటి పోలికే!" అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఈ గొడవలో తమ్ముణ్ని ఎవరం గమనించలేదు. పది రోజుల తర్వాత దుప్పట్లు ఉతుకుదామని తీస్తే దిండు గలేబులో మాత్రలు దొరికాయి. "నాకు జబ్బు లేదని డీఎన్‌ఏలోనే ఉందిగా" అన్నాడు. అప్పటికే వాడికి నిద్ర పట్టడం మానేసింది, గొంతులు వినపడటం మళ్లీ మొదలైంది. ఆ రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి, పొద్దున్నే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమన్నారు. వాడు మామూలు మనిషి కావడానికి రెండు నెలలు పట్టింది.

డాక్టరు గారు రిపోర్టు తిరగేసి, "ఈ ఎరుపు అంటే నూటికి ఎంతమందికి వస్తుందని? ఎక్కడైనా రాశారా?" అని అడిగారు. ఎక్కడా లేదు. ఈ జబ్బు మామూలుగా నూటికి ఒకరికి అటూ ఇటూగా వస్తుందట. సొంత అన్నకో తమ్ముడికో ఉంటే అది నూటికి పది దాకా. అంటే చెల్లికి రాకపోవడానికే తొంభై పాళ్లు అవకాశం. ఇది తెలియడానికి ఉమ్మే పనే లేదు, తమ్ముడి సంగతి చెబితే చాలు. ఒకే జన్యువులు పంచుకున్న కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవాళ్లకు వచ్చి తీరాలని లేదు. 2022లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు జన్యువుల్లో 287 తేలాయి, ఒక్కొక్కదాని ప్రభావం రవ్వంత. మా రిపోర్టులో చూసింది తొమ్మిది! పైగా ఇలాంటి లెక్కలు ఎక్కువగా యూరప్ మూలాలవాళ్ల మీద కట్టినవి, మనవాళ్లకు అంత బాగా అతకవు.

అలాగని జీన్ టెస్టులన్నీ దండగ అనను. మూర్ఛకూ, కొన్ని మానసిక జబ్బులకూ ఇచ్చే కార్బమజెపిన్ అనే మందు మొదలుపెట్టే ముందు, ఒళ్లంతా పొక్కి చర్మం ఊడే రియాక్షన్ వచ్చే ముప్పు ఉందేమోనని ఒక జన్యు పరీక్ష రాస్తారు. అది పనికొచ్చేదే. రాసేది డాక్టరు, ఫోన్ చేసే సేల్స్ కుర్రాడు కాదు. వారసత్వం గురించి మరీ బెంగగా ఉంటే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది.

రిఫండ్ అడిగితే "శాంపిల్ ల్యాబ్‌కు చేరాక ఇవ్వం" అన్నారు. రిపోర్టు 39వ పేజీలో చీమ తలకాయంత అక్షరాలతో "ఇది రోగ నిర్ధారణ కాదు" అని ఉంది. ఆ పేజీ డబ్బు కట్టకముందే పంపమని అడగండి. రిపోర్టు ఎవరి ఫోన్‌కు వస్తుందో, మీ డీఎన్‌ఏ వివరాలు ఎన్నాళ్లు ఉంచుకుంటారో కూడా అడగండి. జన్యు పరీక్ష చూసి ఉద్యోగంలో, ఆరోగ్య బీమాలో వివక్ష చూపకూడదని అమెరికాలో 2008లోనే చట్టం చేశారు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

చెల్లి వివరాలు తీసేయమని మూడు మెయిళ్లు పెట్టాను, "పరిశీలనలో ఉంది" అంటున్నారు. నాన్న ఫోన్‌లోంచి అయితే తీసేయించాను. ఆయన అప్పటికే దాన్ని "ఏంటో చూడరా" అని బాబాయికి ఫార్వర్డ్ చేశాడని మొన్ననే తెలిసింది.