పెద్దపేగు దాటనిది, ఎక్కడైనా వచ్చేది

మా చెల్లికి అల్సరేటివ్ కొలైటిస్. చిత్తూరులో ఉండే పిన్నమ్మ కొడుక్కి క్రోన్స్. ఇంట్లో రెండింటినీ పేగుపూత అనేస్తారు, కానీ రెండూ వేరు జబ్బులు.

చెల్లిది పెద్దపేగు దాటదు. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, వాపు పేగు లోపొర వరకే. రక్తం, జిగట, ఆగని విరేచనాలు. తిరుమల బస్సెక్కే ముందు తిరుపతి బస్టాండులో తను మొదట వెతికేది బాత్రూమే. పేగు వాపు తగ్గించే మెసలమైన్ అనే మందుతో ఇప్పుడు నిలకడగా ఉంది. తగ్గిందని మానేస్తే తిరగబెడుతుంది, దయచేసి సొంతంగా ఆపకండి.

తమ్ముడిది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మొత్తం వాస్తుంది. కడుపునొప్పి, బరువు తగ్గడం. పేగు ఇరుకైంది, అందుకే వాడికిష్టమైన చెనిక్కాయలు వద్దన్నారు. మెసలమైన్ దీనికి పెద్దగా పనిచేయదు. సిగరెట్ దీన్ని ముదరబెడుతుంది. పేగు టీబీ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, కాబట్టి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించాకే మందులు.