ఏడేళ్ల రాగి చెంబు, రెండు నెలల సముద్రపు నీరు

రాత్రి నింపి పొద్దున్నే తాగడానికి గుంటూరులో కొన్న రాగి చెంబు గురించి మొదటి ఏడాదే నేను బంధువులందరికీ "ఇది మనవల కాలం దాకా ఉంటుంది" అని చెప్పాను. ఏడేళ్ల తరువాత ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను గాని, ఒక షరతు మాత్రం చేర్చక తప్పదు.

నిరుడు కార్తిక పౌర్ణమికి సూర్యలంకలో స్నానం చేసి, ఇంట్లో చల్లడానికని మా అత్తగారు ఆ చెంబులోనే సముద్రపు నీరు పట్టి తెచ్చారు. చల్లాక మిగిలిన సగం చెంబూ పూజగది మూల ఉండిపోయి, సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు గాని బయటపడలేదు. నీరు నిలిచిన మట్టం వెంబడి లోపల గాజు తొడిగినట్టు ఆకుపచ్చ చిలుము పేరుకుంది. అడుగు మాత్రం గోధుమరంగుకు తిరిగిందంతే. ఉప్పుకు తోడు గాలి కూడా బాగా అందేది ఆ మట్టం దగ్గరే.

చింతపండులో ఉప్పు కలిపి తోమాను. అద్దంలా మెరిసింది. శ్రావణమాసపు ముసురులో అవే చోట్ల పచ్చని చుక్కలు మళ్లీ మొలిచాయి.

మంచినీటిలో రాగిని కాపాడేది దాని మీద ఏర్పడే పలుచని ఆక్సైడు పొర. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి (నదులు కలిసే బంగాళాఖాతంలో కొంత తక్కువ), వాటిలో సగానికి పైగా క్లోరైడే. అది ఆ పొరను ఛేదించి రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడుగా గుంటల్లో దాక్కుంటుంది. తేమా గాలీ తగిలినప్పుడల్లా చిలుముగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం మళ్లీ రాగినే తింటుంది. పాత కంచు విగ్రహాలకు పట్టే జబ్బూ ఇదే. అంటే మెరుపు కోసం నేను వేసిన ఉప్పు కూడా క్లోరైడే. తరతరాల చిట్కా మీద ఇంత కోపం నాకెన్నడూ రాలేదు. వంటసోడా నీటిలో, రోజూ నీరు మారుస్తూ, వారం నానబెట్టాక చుక్కలు తగ్గాయి గాని గరుకు పోలేదు; అందులో తాగడం మానేశాం.

కుళాయి నీటికి, ఉప్పు లేకుండా తోముకునే ఇంటికి రాగి చెంబు మంచిదనే ఇప్పటికీ అంటాను, అందుకే మరొకటి కొన్నాను. బాపట్ల, నిజాంపట్నం వైపు ఉప్పుగాలిలో ఉండేవారికి ఇదే మాట చెప్పే అనుభవం నాకు లేదు. ఈ కార్తికానికి మా అత్తగారు ప్లాస్టిక్ సీసా తీసుకువెళ్లారు.