ఆరేళ్లుగా అద్దె సాఫ్ట్‌వేర్‌లో మా జీడిపప్పు లెక్కలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ప్రాంతం మీద విరుచుకుపడింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మాకున్న చిన్న జీడి పరిశ్రమ పైకప్పు రేకులు లేచిపోయి, కంప్యూటర్ తడిసి పాడైపోయింది. 2017 జులైలో జీఎస్టీ మొదలైన నాటి నుంచి రాసుకున్న లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. నకలు తీసిన పెన్‌డ్రైవ్ కూడా అదే బల్ల సొరుగులో ఉంది. చిత్తు పుస్తకాలు తిరగేసి, అందరికీ ఫోన్లు చేసి, బాకీలు తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. తోట పోగొట్టుకున్న రైతునే ‘మేము మీకెంత ఇవ్వాలి?’ అని అడగవలసి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే 2019 ఏప్రిల్‌లో ఏడాది చందా కట్టే సాఫ్ట్‌వేర్‌కు మారాను. లెక్కలు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్లలో ఉంటాయి. మనం ఇంటర్నెట్ ద్వారా తెరిచి చూసుకుంటాం. మన కంప్యూటర్ ఏమైనా లెక్కలు పోవు. నేను డబ్బు కట్టింది ముందుగా ఈ నిశ్చింతకే.

రెండో మేలు అనుకోకుండా కలిగింది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటినవారికి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది. మాకూ వర్తించింది. ప్రతి బిల్లూ ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి, నంబరుతో, క్యూఆర్ కోడ్‌తో తిరిగి రావాలి. పాత పద్ధతిలో అయితే కొత్త వెర్షన్ కొని, మనిషిని పిలిపించి ఎక్కించుకోవాలి. ఇందులో గడువుకు ముందే ఆ సదుపాయం వచ్చి చేరింది. లారీ బయలుదేరే ముందు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఉండాల్సిన పత్రం, ఫోనులోనే తీస్తున్నాం. శ్రీకాకుళంలోని మా ఆడిటర్ తన ఆఫీసు నుంచే మా ఖాతాలు చూస్తారు. నెలనెలా పెన్‌డ్రైవ్ పట్టుకుని రైలెక్కే పని తప్పింది.

మా వృత్తి మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాలేదు. 80 కిలోల పిక్కల బస్తా కాల్చి, కొట్టి, పొట్టు తీస్తే గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత వస్తుందో సరుకును బట్టి మారుతుంది. కొన్నది ఒక వస్తువు, అమ్మేది పది రకాలు. ఈ దిగుబడి లెక్క ఇప్పటికీ విడిగా పుస్తకంలోనే రాస్తున్నాను. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారు దొరకరు. గుమస్తా అమ్మాయి ఎంత చురుకైనదైనా తన ఇబ్బందిని హిందీలో చెప్పలేకపోతుంది. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

చందా ఆరేళ్లలో దాదాపు రెట్టింపయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ, అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మేము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గుతుంది కాబట్టి భారం కాదు. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతుంది. ఒకసారి చందా కట్టడం పది రోజులు ఆలస్యమైతే మా ఖాతాలు మాకే తెరుచుకోలేదు. అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన అన్ని లెడ్జర్లనూ ఎక్సెల్‌లోకి దించి రెండు పెన్‌డ్రైవ్‌లలో పెడుతున్నాను. ఒకటి ఆఫీసులో, ఇంకొకటి విజయనగరంలో మా అక్క ఇంట్లో.

ఈ ఏప్రిల్‌లోనూ చందా కట్టాను, ఒక్క ఏడాదికే. మూడేళ్లకు కడితే తగ్గిస్తామన్నారు, ఒప్పుకోలేదు.