విండోస్ 11కి అప్‌గ్రేడ్: పాత అలవాట్లు ఎంతవరకు నిలుస్తాయి?

విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కంప్యూటర్ బాగానే నడుస్తున్నా విండోస్ 11కి మారడానికి చాలామంది వెనకాడుతున్నారు. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్, రైట్ క్లిక్ మెనూ ఏమైపోతాయోనన్నది వాళ్ల భయం. ఈ సమీక్ష వాళ్లకోసమే. టాస్క్‌బార్‌ను స్క్రీన్ పైకో పక్కకో జరిపి వాడేవాళ్లు తప్ప మిగతా అందరూ నిశ్చింతగా మారవచ్చు. కాకపోతే అప్‌గ్రేడ్ చేసే పద్ధతి సరిగ్గా ఉండాలి.

ముందు యంత్రం సంగతి. ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 సిరీస్, లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి (ఒకటి రెండు మినహాయింపులున్నాయి). 4 జీబీ ర్యామ్ చాలునని మైక్రోసాఫ్ట్ అంటుంది గానీ 8 లేకపోతే విసుగొస్తుంది. టీపీఎం 2.0 (కీలను భద్రంగా దాచే సెక్యూరిటీ చిప్) లేదని మెసేజ్ రాగానే కొత్త కంప్యూటర్ కొనేయకండి. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉంటుంది, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని వెతికి ఆన్ చేయండి. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డేటాకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే బయోస్ ముట్టుకునే ముందే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ మార్చిన మరుక్షణం అది కీ అడగవచ్చు.

డిస్క్‌ను పార్టిషన్లుగా విడదీసే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. మీ డిస్క్ పాత ఎంబీఆర్‌లో ఉంటే ఇంకో మెట్టు ఉంది. విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ డేటా చెరిపేయకుండానే డిస్క్‌ను జీపీటీకి మారుస్తుంది. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో పరీక్షించి, అది సరేనన్నాకే కన్వర్ట్ చేయాలి. డిస్క్ మీద ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించితే పరీక్ష దగ్గరే ఆగిపోతుంది. కన్వర్ట్ అయ్యాక బయోస్‌లో బూట్ పద్ధతిని పాతదైన లెగసీ నుంచి కొత్తదైన యూఈఎఫ్‌ఐకి మార్చాలి. ఈ వరుస తప్పితే కంప్యూటర్ బూట్ కాదు. డేటా పోదని చెప్పినా సరే, బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీయకుండా ఈ పనికి దిగొద్దు.

అప్‌గ్రేడ్‌కి అన్నిటికన్నా నమ్మకమైన దారి ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టలేషన్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా). మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించుకుని, విండోస్ 10లో ఉండగానే డబుల్ క్లిక్ చేసి, లోపల ఉన్న సెటప్‌ను నడపండి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ప్రోగ్రాములు మిగలవు. సెటప్‌లో అసలు చూడాల్సిన చోటు ఒక్కటే, ఏమేం ఉంచాలని అడిగే స్క్రీన్. అక్కడ ‘పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్’ ఎంపికై ఉండాలి. అది మసకబారి నొక్కనివ్వకపోతే అక్కడే ఆపేయండి. ఎక్కువసార్లు కారణం భాషే. కంప్యూటర్లో ఉన్నది ఇంగ్లిష్ ఇంటర్నేషనల్, ఐఎస్ఓ ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ అయితే ప్రోగ్రాములను ఉంచడానికి సెటప్ ఒప్పుకోదు. సరైన భాషది దించుకుని మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. 32 బిట్ విండోస్ 10 ఉన్నవాళ్లకు మాత్రం ఈ దారి లేదు, విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు.

ఇలా పైనుంచి అప్‌గ్రేడ్ చేయడంలో ఇంకో మేలుంది. ఇప్పుడు వాడుతున్న లోకల్ అకౌంట్ (ఈ కంప్యూటర్‌కే పరిమితమైనది) అలాగే నిలుస్తుంది. హోమ్ ఎడిషన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఇంటర్నెట్టూ మైక్రోసాఫ్ట్ అకౌంటూ అడుగుతుంది.

మధ్యలో ఆగి వెనక్కి వచ్చేసి, సీ1900101తో మొదలయ్యే ఎర్రర్ చూపిస్తే తప్పు దాదాపుగా డ్రైవర్‌దే. బయటి యాంటీవైరస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప తక్కిన యూఎస్‌బీ పరికరాలన్నీ పీకేసి మళ్లీ ప్రయత్నించండి. సీ డ్రైవ్‌లో 30 జీబీ దాకా ఖాళీ ఉంచుకుంటే స్థలం గొడవ ఉండదు.

అప్‌గ్రేడ్ పూర్తయ్యాక పాత విండోస్ ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌లో 10 రోజులు ఉంటుంది. నచ్చకపోతే ఆలోగా వెనక్కి వెళ్లవచ్చు. విండోస్‌లోనే ఉన్న డిజ్మ్ (DISM) అనే కమాండ్‌తో ఆ గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. నెలాఖరు పనులు, ప్రింటర్, స్కానర్ అన్నీ ఒక విడత చేసి చూసుకోవడానికి 10 రోజులు చాలవు, పెంచుకోవడమే మంచిది. ఆ ఫోల్డర్ స్థలం తింటోందని డిస్క్ క్లీనప్‌తో తీసేస్తే వెనక్కి దారి మూసుకుపోయినట్టే.

ఇక అలవాట్ల విషయం. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్ చేయగానే స్టార్ట్ బటన్ పాత మూలకు వచ్చేస్తుంది. ఒక్కో విండోకు ఒక్కో బటన్, దాని మీద పేరు కనిపించే పాత పద్ధతి మొదట్లో తీసేశారు, 23హెచ్2 (2023 రెండో సగపు) వెర్షన్‌లో తిరిగిచ్చారు. అక్కడే కంబైన్ ఆప్షన్‌ను ‘నెవర్’ చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వరుసలు దూరదూరంగా ఉన్నాయనిపిస్తే వ్యూ మెనూలో కాంపాక్ట్ వ్యూ ఉంది. రైట్ క్లిక్ మెనూ మాత్రం నిజంగా చికాకు పెడుతుంది. కట్, కాపీ, రీనేమ్ చిన్న బొమ్మలై ఒకే వరుసలో ఉంటాయి. ఆ వరుస మౌస్ ఎటు దగ్గరైతే అటు, ఒకసారి మెనూ పైన, ఒకసారి కింద వస్తుంది. చెయ్యి ఆ చోటుకు అలవాటు పడేదెలా? షిఫ్ట్ నొక్కి పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా తెరుచుకుంటుంది. విండోస్ లోపలి సెట్టింగ్స్ దాచే రిజిస్ట్రీ జోలికి పోకుండా ఇది చాలు.

స్టార్ట్ మెనూకు ఓపెన్ షెల్ అనే ప్రోగ్రాము పెట్టుకోండి. 2017లో ఆగిపోయిన క్లాసిక్ షెల్‌కు ఇది వారసుడు, ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు క్లాసిక్ ఎక్స్‌ప్లోరర్, క్లాసిక్ ఐఈ తీసేసి మెనూ ఒక్కటే ఉంచండి. విండోస్ 7 తరహా మెనూ ఎంచుకుంటే ప్రోగ్రాములు ఎడమన, డాక్యుమెంట్లు, కంట్రోల్ ప్యానెల్ కుడిన, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. షిఫ్ట్‌తో పాటు విండోస్ కీ నొక్కితే మైక్రోసాఫ్ట్ మెనూ కూడా వస్తుంది. సెట్టింగ్స్‌ను ఒక ఫైల్‌గా సేవ్ చేసి దాచుకోండి.

ఎక్స్‌ప్లోరర్ ప్యాచర్ అనే ఇంకో ప్రోగ్రామును మాత్రం సిఫారసు చేయలేం. విండోస్ 10 టాస్క్‌బార్‌ను అచ్చంగా తెస్తుంది, నిజమే. కానీ అది విండోస్ లోపలి భాగాలను పట్టుకుని పనిచేస్తుంది. ఒక అప్‌డేట్ ఆ భాగాన్ని మార్చగానే డెస్క్‌టాప్ రాక స్క్రీన్ మినుకుమినుకుమంటూ ఉండిపోవచ్చు. అప్పుడు సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవాటితోనే విండోస్ నడిచే స్థితి) వెళ్లి తీసేయగల నేర్పున్నవాళ్లకే అది.

తిరిగి రానివీ ఉన్నాయి. స్టార్ట్ మెనూలో తాజా సమాచారం చూపించే పలకలు, లైవ్ టైల్స్, పోయాయి. 24హెచ్2తో వర్డ్‌ప్యాడ్ పోయింది, దాని ఆర్‌టీఎఫ్ ఫైళ్లను లిబ్రేఆఫీస్ చక్కగా తెరుస్తుంది. 25హెచ్2 వచ్చేనాటికి కూడా టాస్క్‌బార్‌ను పక్కకు జరిపే సెట్టింగ్ లేదు. వెడల్పు మానిటర్ మీద ఎడమ అంచున టాస్క్‌బార్ పెట్టుకుని రోజంతా పొడవాటి డాక్యుమెంట్లు చదివేవాళ్లకు ఇది నిజమైన నష్టం, మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేయకుండా ఉండాల్సింది. ఆటోమేటిక్‌గా దాక్కునేలా పెట్టుకుంటే కనీసం స్క్రీన్ ఎత్తయినా దక్కుతుంది.