ఎర్రగా ఉన్న షీటల్లా సిలికాన్ కాదు: నెల్లూరులో బాఫిల్ సీల్ కొనేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే షెడ్ నుంచి వచ్చా. చేతులకి నూనె కూడా పోలేదు. తెల్లారితే కోపం చల్లారి రాయకుండా ఊరుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నా.

నెల్లూరులో గ్యాస్కెట్లు, షీట్ రబ్బరు అమ్మే ఆ షాపు మీలో చాలామందికి తెలిసిందే. పేరు రాయను, వెళ్లినవాళ్లకి అర్థమవుతుంది. నాది రెండు సీట్ల కిట్ విమానం, నాలుగేళ్లుగా కడుతున్నా, ఇంజిన్ పాత లైకమింగ్ ఓ-320. విమానాలకి అనుమతులిచ్చే డీజీసీఏ దగ్గర కాగితాలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి అంతా నేలమీదే. గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బాఫిల్ రేకుకీ, ఇంజిన్ మీది మూత, అంటే పై కౌలింగ్‌కీ మధ్య అర అంగుళం దాకా సందు వదుల్తాం కదా. ఇంజిన్ ఊగుతుంది, రేకు తగిలితే కౌలింగ్‌ని కోసేస్తుంది. ఆ సందుని మూసేది సీలే. ముందు నుంచి దూరిన గాలి ఇంజిన్ పైన నిండి, సిలిండర్ చుట్టూ సన్నటి రెక్కల్లా ఉండే ఫిన్ల మధ్యగా కిందికి దిగితేనే సిలిండర్ చల్లబడుతుంది. సీల్ పక్కన కాస్త దారి దొరికిందంటే గాలి అటే పోతుంది, ఫిన్ల దాకా రాదు.

అందుకే గాజుగుడ్డ పొదిగిన సిలికాన్ షీట్, 3 మిల్లీమీటర్లది కావాలని అడిగా. 200 డిగ్రీల సెల్సియస్ వేడి తట్టుకోవాలని కూడా చెప్పా. "అన్నా, మీరు నిశ్చింతగా తీసుకోండి, ఇది అసలు సిలికాన్, గుడ్డ లోపలుంది, బయటికి కనబడదు" అన్నాడు. షీట్ ఎర్రగా ఉంది. సిలికాన్ ఎర్రగానే ఉంటుంది కదా అనుకున్నా. 5,800 ఇచ్చా. బిల్లంటే తెల్లకాగితం మీద "రబ్బరు షీటు 1" అని రాసిచ్చాడు. కారులో వస్తుంటే రబ్బరు వాసన గుప్పుమంది. సిలికాన్‌కి వాసన దాదాపు ఉండదని నాకు తెలుసు. తెలిసి కూడా వెనక్కి తిప్పలేదు. అక్కడే తప్పు చేశా. ఇంటికొచ్చాక కోసిన అంచులో ఒక్క దారప్పోగు కనబడకపోయినా కోస్తూనే పోయా. పండక్కి ఇంజిన్ స్టార్ట్ చేయాలన్న తొందర.

మూడో గ్రౌండ్ రన్‌లో వెనక ఎడమ పక్కనున్న నాలుగో సిలిండర్ 430 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పోయింది. మిగతా మూడూ 360 దగ్గరే ఉన్నాయి. ఈ ఇంజిన్‌కి ఆఖరి హద్దు 500. వెంటనే ఆపేశా. కౌలింగ్ తీసి చూస్తే వెనక సీల్ ముందుకు, అంటే గాలి ఒత్తిడి ఉండే వైపుకి, వంగి ఉండాల్సింది వెనక్కి వాలిపోయింది. నూనె చుక్కలు పడ్డచోట ఉబ్బి మెత్తబడింది, వేడి తగిలిన అంచు గట్టిపడి చుట్టుకుపోయింది. కౌలింగ్ లోపలివైపు సీల్ రాసుకున్న గీత ఉండాలి కదా, ఆ మూల జానెడు మేర గీతే లేదు.

నిన్న ఆ ముక్క తీసుకుని, మావాణ్ణి వెంటబెట్టుకుని షాపుకి పోయా. వాడు ఇంటర్ చదువుతున్నాడు, రివెట్లలో సగం వాడు కొట్టినవే. గొడవ పడదామని పోలేదు. అగ్గిపుల్ల గీసి ముక్క కాల్చి చూపించా. నల్లటి పొగ, మసి, టైరు కాలిన కంపు. సిలికాన్ అయితే తెల్ల బూడిద మిగలాలి. నీళ్ల పైపుల ఫ్లాంజీలకి గ్యాస్కెట్లు కోసే మామూలు రెడ్ రబ్బరది, కిలోల్లెక్కన దొరికేది.

షాపాయన ఆ మసి వైపు చూడను కూడా చూడలేదు. "రబ్బరన్నాక కాలదా ఏందయ్యా?" అన్నాడు. కొనేటప్పుడు అన్నా, మీరు. ఇప్పుడు ఏందయ్యా, నువ్వు. "నేను సిలికాన్ అని యాడ రాసిచ్చినా, చూపీ" అని ఆ తెల్లకాగితం నా మొహం ముందు ఆడించాడు. తర్వాత మావాడి వైపు తిరిగి, "మీ నాయన ఎగరేసేది బొమ్మ విమానమేగా అబ్బయ్యా, పడితే మళ్లీ కట్టుకుంటాడులే" అన్నాడు. షాపులో పనివాళ్లు నవ్వారు. మావాడు నవ్వలేదు, నావైపు చూశాడు. ఆ రెండో సీటు వాడిది. ఆ మాట ఆయనకి చెప్పాలనుకున్నా, గొంతు పెగల్లేదు. 5,800 పోయినందుకు కాదు నాకీ మంట. ఈ సంగతి నేలమీద బయటపడింది. రోహిణి కార్తె ఎండలో, టేకాఫ్ అయిన రెండో నిమిషంలో బయటపడుంటే?

ఇంజిన్‌కి ఏమీ కాలేదు, అదొక్కటే ఊరట. కంప్రెషన్ చూస్తే నాలుగో సిలిండర్‌కి 80కి 74 వచ్చింది. సీల్ మాత్రం రివెట్లన్నీ డ్రిల్ చేసి మొత్తం పీకేశా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే మొదట అడిగింది బిల్లే. నా దగ్గరున్నది ఆ కాగితం ముక్క.

కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే వేలెడంత ముక్క అడిగి కాల్చి చూడండి. అంచులో గుడ్డ పోగులు కనబడాలి. జీఎస్టీ బిల్లు మీద "సిలికాన్" అని రాయించుకోండి. బిగించాక రాత్రిపూట కౌలింగ్ లోపల బల్బు పెట్టి, వెలుతురు యాడ కారుతుందో చూడండి.

ఇంకొకటి, అసలు రాయడానికి కారణం కూడా ఇదే. నేను కొన్న రోజు నాకంటే ముందు ఇంకొకాయన అదే రోల్ నుంచి రెండు మీటర్లు కోయించుకున్నాడు. ఒంగోలు నుంచి వచ్చానన్నాడు, ఆయనా ఇంజిన్ బాఫిల్‌కేనన్నాడు. తెల్ల చొక్కా, కళ్లజోడు, యాభై పైనుంటాయి. పేరడగలేదు, నంబరూ తీసుకోలేదు. అన్నా, ఇది చదువుతుంటే కౌలింగ్ తీసి ఆ షీట్ వాసన చూడు. అంతవరకూ ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. ఒంగోలు వైపు విమానం కట్టేవాళ్లు ఎవరు తెలిసినా ఈ మాట ఆయనకి చేరేయండి.